మా ఇలవేల్పు ఎవరో తెలియడం లేదు, బాబు పుట్టువెంట్రుకలు ఎక్కడ ఇవ్వాలి?

బుజ్జిగాడి నాన్న:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా బాబుకి వచ్చే వారానికి పది నెలలు నిండుతాయి. పదకొండో నెలలోనే పుట్టువెంట్రుకలు తీయించాలని అమ్మ పట్టుదల, తప్పితే మళ్ళీ మూడో ఏడు దాకా ఆగాలంటుంది. సరే అన్నాం. మొదటి వెంట్రుకలు ఇలవేల్పుకి ఇవ్వాలి కదా, మరి మన ఇలవేల్పు ఎవరమ్మా అని అడిగితే ఇంట్లో ఒక్కరి దగ్గరా జవాబు లేదు.

మా నాన్నది విజయనగరం వైపు పల్లెటూరు. ఉద్యోగం వచ్చి 1981లో హైదరాబాద్ వచ్చేశారు. అమ్మది నరసరావుపేట. పెళ్ళవగానే నేరుగా హైదరాబాద్ కాపురానికే వచ్చింది, అత్తగారింట్లో నెల రోజులు కూడా లేదు. నేను పుట్టకముందే నానమ్మ పోయింది, నాకు రెండేళ్ళప్పుడు తాత పోయాడు. నాన్న పూజ అంటే పొద్దున్నే స్నానం చేసి డాబా మీదకెళ్ళి సూర్యుడికి దణ్ణం పెట్టుకోవడం, కిందకొచ్చి దీపం వెలిగించడం, అంతే. ఎవరి పేరు చెప్పుకుని ఆ దీపం పెట్టేవారో మేమెప్పుడూ అడగలేదు. 2016లో ఆయనా పోయారు. నా పుట్టువెంట్రుకలు కోటప్పకొండలో తీశారు, అది అమ్మమ్మ వాళ్ళ మొక్కు. ఇప్పుడు మా ఆవిడ వాళ్ళేమో తిరుపతి వెళ్దాం, వెంకన్న అందరి దేవుడు అంటున్నారు. నాకు అభ్యంతరం లేదు గానీ, నాన్న వైపు నుంచి బాబుకి చెప్పడానికి ఏమీ మిగల్లేదే అన్న బాధ ఉంది.

అసలు టెన్షన్ ఇంకోటి. బాబుకి రెండు నెలల్లో మూడుసార్లు జ్వరం వచ్చింది. తెలిసినవాళ్ళు ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే, మూడు తరాలుగా ఇలవేల్పుని వదిలేశారు, అమ్మవారు ఆగ్రహంగా ఉంది, శాంతి చేయించాలి, 21 వేలు అవుతుంది, ఆ తర్వాతే అమ్మవారి పేరు చెప్తాను అన్నాడు. ఆ రోజు నుంచి అమ్మకి కంటి మీద కునుకు లేదు. గోత్రాన్ని బట్టి గానీ ఇంటిపేరుని బట్టి గానీ ఇలవేల్పు తెలుస్తుందా? ఎవరికైనా ఇలా జరిగి, వెతికి కనుక్కున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

కృష్ణాతీరం:

తమ్ముడూ, ముందు ఆ 21 వేలు ఇవ్వకు. పేరు చెప్పడానికి డబ్బు అడిగాడంటే అతనికి పేరు తెలియదనే అర్థం. బాబుని పిల్లల డాక్టరుకి చూపించు, పది నెలల పిల్లలకి జ్వరాలు రావడం మామూలే అయినా రెండు నెలల్లో మూడుసార్లంటే ఎందుకో చూడాలి. అమ్మవారు పసివాడి మీద కోపం తీర్చుకుంటుందని నేను చచ్చినా నమ్మను. పిల్లలకి అమ్మవారు పోస్తే ఆ తల్లికే చల్లటి చద్దినైవేద్యం పెట్టి, వేపాకు పరిచి, నువ్వే కాపాడమ్మా అని మొక్కుకున్న ఊళ్ళు మనవి. అంత నమ్మకం పెట్టుకున్న తల్లిని పట్టుకుని 21 వేలకి అలిగి కూర్చుందంటే ఎలా?

ఇక వెతకడం సంగతి. మా పుట్టింట్లోనూ ఇదే సమస్య వచ్చింది. వెంకటేశ్వరస్వామే అనుకుంటూ వచ్చాం, ఎందుకంటే దేవుడి గూట్లో పెద్ద పటం ఆయనదే. నాన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత గుడ్డసంచిలో తాతయ్య చెల్లెలి పెళ్ళి శుభలేఖ దొరికింది. నాలుగు మూలలా రాసిన పసుపు గోధుమరంగులోకి తిరిగిపోయింది, మడత దగ్గర పట్టుకుంటే విడిపోతోంది. దాని నెత్తిన, వినాయకుడి బొమ్మ కింద చిన్న అక్షరాల్లో "శ్రీ తిరుపతమ్మ తల్లి ప్రసన్న" అని ఉంది. అంటే పెనుగంచిప్రోలు తిరుపతమ్మ. అది చూడగానే మా పెద్దమ్మకి గుర్తొచ్చింది, చిన్నప్పుడు బండి కట్టుకుని మునేరు ఒడ్డుకి వెళ్ళి వండుకుని తిన్న సంగతి. అప్పటిదాకా అది తిరునాళ్ళ సరదా అనే అనుకుందట. అందుకని మీ ఇంట్లో పాత శుభలేఖలు ఉంటే ముందు నెత్తిన ఉన్న ఆ ఒక్క లైను చూడు. ఇప్పుడైతే ప్రింటింగ్ ప్రెస్ వాళ్ళు ఏది పెడితే అది ఉంటోంది, పాతవాటిలో అలా కాదు, ఇంటి పెద్ద చెప్పిందే వేసేవారు.

రెండోది పేర్లు. తాతలవీ ముత్తాతలవీ మేనత్తలవీ పేర్లు రాసుకో. పెంచలయ్య ఉంటే పెంచలకోన, ఓబులేసు ఉంటే అహోబిలం, కోటయ్య ఉంటే మీ అమ్మ వాళ్ళ కోటప్పకొండ, యాదగిరి ఉంటే గుట్ట. కాకపోతే ఒక్క పేరు పట్టుకుని తేల్చెయ్యకు. సుబ్బారావు, నాగమణి లాంటివి సంతానం కోసం పుట్టలో పాలు పోసిన మొక్కు వల్ల కూడా వస్తాయి. పుల్లయ్య, పెంటయ్య అంటే ముందు పుట్టిన పిల్లలు దక్కక, వీడైనా దక్కాలని పెట్టుకున్నవి. రెండు మూడు తరాల్లో ఒకే దేవుడి పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంటే అప్పుడు నమ్ము.

మూడోది, అన్నిటికంటే ముఖ్యం, మీ నాన్న అక్కచెల్లెళ్ళు. ఆ ఇంటి పెళ్ళిళ్ళలో పసుపు దంచిందీ, దేవుడి గోడకి బొట్లు పెట్టిందీ, ముత్తైదువుగా పోయి ఇంటి దేవతైన పేరంటాలికి చీర పెట్టిందీ ఆడపడుచులే. మగవాళ్ళకి గుడి పేరు తెలుస్తుందేమో, ఏ రోజు ఏం వండి ఎవరికి పెట్టాలో వీళ్ళకే తెలుసు. మేనత్త ఎవరైనా ఉన్నారా?

మల్లన్న గుట్ట:

పైన అక్క చెప్పినవన్నీ కరెక్టే. ఇంకొక్క మాట. ఒకే ఇంటికి ఒక్క దేవుడే ఉండాలని లేదు. మాది సిద్దిపేట వైపు. మాకు ఇంటి దేవుడు కొమురవెల్లి మల్లన్న, ఊరి తల్లి పోచమ్మ, పుట్టువెంట్రుకలు మాత్రం వేములవాడ రాజన్నకి. ఎందుకు అని మా తాతని అడిగితే, రాజన్న దగ్గర కోడెను కట్టి మొక్కుకున్నాకే మా నాయన పుట్టాడు, అప్పటి నుంచి అట్లనే వస్తోంది అన్నాడు. కాబట్టి మీరు "ఇలవేల్పు ఎవరు" అని మాత్రమే అడిగితే ఒక పేరు చెప్పి ఊరుకుంటారు. "పెళ్ళికి ముందు ఎవరికి చేసేవారు, కొత్త పంట ఎవరికి పెట్టేవారు, పిల్లల వెంట్రుకలు ఎక్కడ తీసేవారు" అని విడివిడిగా అడగండి.

మా ఇంట్లో పెళ్ళి అంటే ముందు పట్నం వేయాల్సిందే. ఒగ్గు పూజారులు వచ్చి పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి చేతివేళ్ళ సందులోంచి జారవిడుస్తూ నేల మీద గళ్ళుగళ్ళుగా ముగ్గు పరుస్తారు. ఒక్క గీత వంకర పోదు. పక్కన ఒగ్గు అనే డమరుకం మోగుతుంటే మల్లన్న పెళ్ళి కథ, బలిజ మేడలమ్మది, గొల్ల కేతమ్మది, తెల్లవారేదాకా చెప్తారు. చివర్లో అంత అందమైన పట్నాన్నీ తొక్కేస్తారు. ఆ బండారి, అంటే పసుపు, తీసి అందరి నుదుటా పెడతారు. చిన్నప్పుడు ముగ్గు పాడవుతోందని నేను ఏడ్చేవాడిని. మీ వైపు పద్ధతి వేరే ఉంటుంది, నేను చెప్పేదేమంటే గుడికి వెళ్ళడం ఒక్కటే గుర్తు కాదు. ఇంట్లో ఏం జరిగేదో అడిగితే దారి దొరుకుతుంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు కొమురవెల్లికి వచ్చేవాళ్ళలో ఊరు విడిచి ముప్పై నలభై ఏళ్ళయినవాళ్ళు ఎంతమంది ఉంటారో.

బుజ్జిగాడి నాన్న:

అందరికీ చాలా థ్యాంక్స్. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం, చెవిలో ఇన్‌ఫెక్షన్ అట, మందులు రాశారు. 21 వేల సంగతి ఇక తలుచుకోను.

శుభలేఖలు ఏవీ దొరకలేదు, ఇళ్ళు మారినప్పుడు పోయాయి. పేర్లు మాత్రం రాశాను. నాన్న సూర్యనారాయణ. తాత అప్పలస్వామి. ముత్తాత సింహాద్రి అని అమ్మ విన్నదట. మేనత్తలు ఇద్దరు, పెద్దత్త అప్పలనరసమ్మ, చిన్నత్త లేరు. పెద్దత్తకి ఎనభై దాటాయి, చెవులు సరిగ్గా వినబడవు, ఊళ్ళోనే కొడుకు దగ్గర ఉంటుంది. ఆస్తి గొడవల వల్ల మాటలు తగ్గి చాలా ఏళ్ళయింది. ఫోన్ చేయాలంటే మొహమాటంగా ఉంది.

తొలిపావంచా:

బాబూ, మీ పోస్టు చదివి ఒళ్ళు జలదరించింది. అప్పలస్వామి, సింహాద్రి, అప్పలనరసమ్మ. ఇంకేం కావాలి? మీది సింహాద్రి అప్పన్న ఇల్లు. మా విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ వీధిలోకి వెళ్ళి "అప్పలరాజూ" అని పిలిచినా నలుగురు తలుపు తీస్తారు. అప్పారావు, అప్పయ్యమ్మ, అప్పలకొండ, సింహాచలం, అందరూ ఆ కొండ మీద స్వామి పిల్లలే. మూడు తరాల్లో మూడుసార్లు వచ్చిందంటే అది ఉత్త మొక్కు పేరు కాదు.

మీకు తెలియకపోవచ్చు కాబట్టి చెప్తాను. సింహాచలంలో స్వామి వరాహ లక్ష్మీనరసింహుడు, వరాహావతారం, నరసింహావతారం ఒకే మూర్తిలో. ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, చూస్తే లింగంలా కనిపిస్తాడు. వైశాఖ శుద్ధ తదియ, అదే అక్షయ తృతీయ నాడు ఒక్కరోజు చందనం తీసి నిజరూపం చూపిస్తారు. ఆ రాత్రే మళ్ళీ పూత మొదలు. విడతకి మూడు మణుగుల చొప్పున నాలుగు విడతల్లో, ఆషాఢ పౌర్ణమికి పూత పూర్తవుతుంది. ఆ పౌర్ణమి ముందురోజే గిరిప్రదక్షిణ. కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి, దాదాపు 32 కిలోమీటర్లు రాత్రంతా నడిచి మళ్ళీ అక్కడికే వస్తాం. నేను చేసినప్పుడల్లా కాళ్ళకి చెప్పుల్లేని ముసలమ్మలు నన్ను దాటుకుని వెళ్ళిపోతుంటారు, చేతిలో టార్చిలైటు, నోట్లో గోవింద నామం.

మీ నాన్నగారి పేరు సూర్యనారాయణ అన్నారు, సూర్యుడికి దణ్ణం పెట్టేవారన్నారు. అది అరసవల్లి సూర్యదేవుడి పేరు. మీ నానమ్మ ఎవరో అక్కడ మొక్కుకుని ఉంటుంది. అది ఇలవేల్పుతో తగాదా పెట్టుకునే సంగతి కాదు, ఆయన ఇష్టదైవం ఆయనది.

మొహమాటపడకుండా అత్తకి ఫోన్ చేయండి. పొలం గట్టు గొడవ పొలం గట్టు దగ్గరే ఉంటుంది. మేనల్లుడి కొడుక్కి పుట్టువెంట్రుకలు అంటే ఆవిడ కాదంటుందా? నేను చెప్పింది అప్పుడు ఖాయమవుతుంది.

నిత్యదీపం:

నేను పౌరోహిత్యం చేసేవాణ్ణి. గోత్రం గురించి అడిగారు, దానికెవరూ జవాబు చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. గోత్రం ఋషిపరంపర. ఒకే గోత్రం వాళ్ళు రాష్ట్రాలన్నిటా ఉంటారు, ఒకరింట్లో నరసింహుడు, ఇంకొకరింట్లో వీరభద్రుడు, మరొకరింట్లో అంకమ్మ తల్లి. గోత్రం చెప్పగానే ఇలవేల్పు చెప్పేస్తానన్నవాళ్ళని నమ్మొద్దు. ఇంటిపేరు కొంత నయం, చాలా ఇంటిపేర్లు ఊరిపేర్ల నుంచి వచ్చాయి గనక మూలగ్రామం ఏదో తెలిస్తే అక్కడ అదే ఇంటిపేరు వాళ్ళని అడగొచ్చు.

ఇలవేల్పు, గ్రామదేవత, ఇష్టదైవం, ఈ మూడింటినీ చాలామంది కలిపేస్తారు. ఇలవేల్పు వంశంతో వస్తుంది, మీరు ఏ దేశంలో ఉన్నా మీదే. గ్రామదేవత నేలతో వస్తుంది, ఆ ఊరి పొలిమేర లోపల ఉన్న అందరిదీ, ఏ కులమైనా సరే. విజయనగరంలో దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, తిరుగుతుంటే ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంటుంది, ఇళ్ళల్లో ఇలవేల్పులు మాత్రం ఎవరివి వాళ్ళవే. ఇష్టదైవం మనసుతో వస్తుంది. మీ ఆవిడ గారు వెంకటేశ్వరుణ్ణి కొలవడం, మీరు అప్పన్నని కొలవడం ఒకే గూట్లో హాయిగా జరుగుతాయి. పంచాయతన పూజ అని ఒకటుంది, శివుడు, విష్ణువు, అమ్మవారు, సూర్యుడు, గణపతి ఐదుగురినీ ఒకే పళ్ళెంలో పెట్టి అర్చిస్తారు, ఎవరి ఇష్టదైవాన్ని వాళ్ళు మధ్యలో ఉంచుకుంటారు. మన పెద్దలు ఈ ప్రశ్నని ఎప్పుడో ఆలోచించి పెట్టారు.

అత్తగారితో మాట్లాడేలోపు ఒక పని చేయండి. తెల్లగుడ్డ ముక్క పసుపునీళ్ళలో తడిపి ఆరబెట్టి, అందులో పదకొండు రూపాయలు పెట్టి, మా ఇలవేల్పు స్వామీ, వచ్చి తీర్చుకుంటాం అని ముడుపు కట్టి దేవుడి దగ్గర ఉంచండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. మీ అమ్మగారి చేత్తోనే కట్టించండి, ఆవిడకి నిద్ర పడుతుంది. రోజూ పదహారు ఉపచారాలూ చేయలేకపోతున్నామని కొందరు బెంగపడతారు. గంధం, పువ్వు, ధూపం, దీపం, నైవేద్యం, ఈ ఐదు చాలు. అదీ కుదరనిరోజు దీపం పెట్టి, బెల్లం ముక్క నివేదించండి. గీత తొమ్మిదో అధ్యాయం 26వ శ్లోకంలో కృష్ణుడు అడిగింది ఆకు, పువ్వు, పండు, నీళ్ళే. శాంతులూ పరిహారాలూ అవసరమైనప్పుడు మేమే చెప్తాం, భయపెట్టి చేయించేది మాత్రం పూజ కాదు.

బుజ్జిగాడి నాన్న:

నిన్న రాత్రి ఫోన్ చేశాను. రాసేటప్పటికి చేతులు ఇంకా వణుకుతున్నాయి.

బావ ఎత్తి అత్తకి ఇచ్చాడు. నేనెవరో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. "సూరి కొడుకువా" అంది. నాన్నని సూరి అని పిలిచినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. బాబుకి వెంట్రుకలు తీయించాలి, మన దేవుడు ఎవరత్తా అని అరిచి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, వినబడలేదేమో అనుకున్నాను. తర్వాత, "అప్పన్న కాక ఇంకెవర్రా" అంది.

ఆ తర్వాత అరగంట ఆపలేదు. నాన్న మూడేళ్ళ పిల్లాడప్పుడు జబ్బు చేసి బతకడనుకున్నారట. తాత కోడెదూడని మొక్కుకున్నాడట. నాన్నకి నయమయ్యాక ఆ దూడకి పసుపు రాసి, కొమ్ములు ఇంకా సరిగ్గా రాలేదట దానికి, మెడలో వేపమండా బంతిపూలూ కట్టి, తాత, ముత్తాత, పెద్దత్త ముగ్గురూ రెండు రోజులు నడిపించుకుని సింహాచలం కొండ కింద ఉన్న అడివివరం చేరారట. అత్తకి అప్పుడు పదేళ్ళు. దారిలో దూడ నడవనని మొండికేస్తే తన తువ్వాలు తడిపి దాని మొహం తుడిచిందట. దాన్ని గుడివాళ్ళకి అప్పజెప్పి వస్తుంటే వెనక నుంచి అరిచిందట, ఆ అరుపు ఇప్పటికీ చెవిలో ఉందంది. చెవులు వినబడని మనిషి ఆ మాట అంటుంటే నాకు గొంతు పూడుకుపోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. పెళ్ళిళ్ళకి ముందు ఇంటి పేరంటాలికి కూడా చీర, పసుపు కుంకుమ, చలిమిడి పెట్టేవారట. ఆవిడ మా ముత్తాత మేనత్త, పసుపు కుంకుమలతో పోయిన మనిషి. నా పెళ్ళిలో అది జరగలేదు కదా అత్తా అంటే, "తెలీక చేయలేదు, దానికేటి, బాబుని తీసుకొచ్చినప్పుడు పెడదాంలే, చీర నేను కొంటాను" అంది. అమ్మ స్పీకర్‌లో అంతా వింది. ముడుపు పొద్దున్నే అప్పన్న పేరు చెప్పి మళ్ళీ ముట్టుకుని దణ్ణం పెట్టుకుంది.

అత్తని కూడా కొండకి తీసుకెళ్ళాలని ఉంది. పసివాడితో, ఆ పెద్దావిడతో ఎప్పుడు వెళ్తే మంచిది? చందనోత్సవానికి వెళ్దామా అని మా ఆవిడ అడుగుతోంది.

తొలిపావంచా:

చందనోత్సవానికి మాత్రం వద్దు బాబూ. నిజరూపం చూడాలని అందరికీ ఉంటుంది, కానీ ఆ రోజు గంటల తరబడి క్యూలు, పైగా వైశాఖం ఎండ, ఈ ఇద్దరికీ కష్టం. శని, ఆదివారాలు కూడా వదిలేసి మామూలు రోజు చూసుకోండి. పొద్దున్నే బయల్దేరండి. కొండ మీదికి బస్సులున్నాయి, కారూ వెళ్తుంది, అత్త మెట్లెక్కే పని లేదు. ముందు కేశఖండనశాలలో వెంట్రుకలు తీయించి, బాబుకి స్నానం చేయించి, అప్పుడు దర్శనం. గోరువెచ్చటి నీళ్ళు ఫ్లాస్కులో తీసుకెళ్ళండి, తలకి రాయడానికి గంధం కూడా. చెవి ఇన్‌ఫెక్షన్ అన్నారు కదా, పూర్తిగా తగ్గి డాక్టరు సరేనన్నాకే బయల్దేరండి, పదకొండో నెల దాటినా స్వామి ఏమీ అనుకోడు.

లోపల కప్పస్తంభం ఉంటుంది, దాన్ని కౌగిలించుకుని మనసులో మాట చెప్పుకుంటారు. బాబుని ఎత్తుకుని మీరూ చెప్పుకోండి. ముడుపు హుండీలో వేయడం మర్చిపోకండి. దిగేటప్పుడు అడివివరంలో ఒక్క ఐదు నిమిషాలు కారు ఆపండి. అత్త ఆ దూడని తోలుకొచ్చిన దారి చూపిస్తుంది.